అమ్మ కుట్టుమిషను బిగిసిపోయింది, నూనె పోసినా తిరగడం లేదు (పర్లాకిమిడి)

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మా అమ్మ మిషను గురించి అడుగుతున్నాను. కాలితో తొక్కే నల్ల మిషను, మీద బంగారు రంగు అక్షరాలూ పూల తీగలూ ఉంటాయి. ముప్పై ఏళ్ళు మా వీధిలో అందరికీ జాకెట్లు దాని మీదే కుట్టింది అమ్మ. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. అప్పట్నుంచీ దుప్పటి కప్పి మూలన ఉంచాం. సంక్రాంతి లోపల చీరలకి ఫాల్సు కుట్టడం మొదలెడదామని మొన్న దుప్పటి తీసాను. చక్రం సగం తిరిగి ఆగిపోతోంది. సూది కిందకి దిగి పైకి రావడం లేదు.

నూనె లేక బిగిసిందేమోనని ఇంట్లో ఉన్న కొబ్బరి నూనె కన్నాలన్నిట్లోనూ పోసీసాను. ఆ మధ్యాహ్నం కాస్త కదిలింది. మర్నాడు పొద్దున్నకి ఇంకా గట్టిపడిపోయింది, రెండు చేతుల్తో తిప్పినా రాలేదు. మా ఊళ్ళో బాగుచేసే పెద్దాయన దుకాణం ఎత్తేశారు. పాతపట్నంలో ఒకాయన ఉన్నారు గాని, ఫోన్లో చెప్తే "అమ్మీసి కొత్తది కొనుక్కోండమ్మా" అన్నారు. నాకు అమ్మడం ఇష్టం లేదు. ఇంట్లో నేనే చేసుకోగలనా? ఎక్కడ మొదలెట్టాలి?

పట్టుదారం (బరంపురం)
శుక్రవారం, రాత్రి 10:05

చెల్లెమ్మా, ముందు చక్రాన్ని బలంగా తిప్పడం ఆపు. ఇంక ఒక్క చుక్క నూనె కూడా పోయకు. లోపల ఏముందో చూడకుండా నూనె పోస్తే దారం నూగూ దుమ్మూ నూనె కలిసి బురదయిపోతాయి. నేను పట్టు చీరల జాకెట్లు కుట్టి బతుకుతున్నాను, ఇరవై రెండేళ్ళయింది. మిషను బాగోలేదని నా దగ్గరకి వచ్చేవాళ్ళలో చాలామంది చెయ్యాల్సింది శుభ్రం, చేసింది నూనె పొయ్యడం.

గుణుపురం మావయ్య గారు ఈ పూట చూస్తే వివరంగా చెప్తారు. అంతవరకూ దాన్ని అలాగే వదిలెయ్.

కొండగాలి (కోరాపుట్)
శుక్రవారం, రాత్రి 10:31

కొబ్బరి నూనె సంగతి నేను చెప్తాను, ఎందుకంటే మా దగ్గర అది ప్రతి చలికాలం కళ్ళకి కనిపిస్తుంది. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది. డిసెంబరులో మా కొండల మీద సీసాలోంచి నూనె రాదు, వేడి నీళ్ళలో పెట్టుకుని తలకి రాసుకుంటాం. మీ ఊళ్ళో కూడా ఇప్పుడు రాత్రుళ్ళు చల్లగానే ఉంటాయి కదా. మధ్యాహ్నం కదిలి, తెల్లారేసరికి బిగిసిందంటే నూనె లోపల పేరుకుంది. మీ మిషను విరగలేదు, భయపడకండి.

ఆవ నూనె, వేరుశనగ నూనె కూడా వద్దు. అవి గడ్డకట్టకపోయినా గాలి తగిలి నెమ్మదిగా జిగురవుతాయి. మూకుడు అంచున పాత నూనె జిడ్డు గీకినా పోదు చూడండి, మిషను లోపల కూడా అదే తయారవుతుంది.

గుణుపురం మెకానిక్
శనివారం, ఉదయం 6:15

అమ్మా, పొద్దున్నే చూసాను. నేను ముప్పై ఆరేళ్ళు ఈ పనే చేసాను, ఇప్పుడు కళ్ళు సరిగ్గా కనపడక మానీసాను. మీ అమ్మగారి మిషను బాగవుతుంది. ఆ రకం నల్ల మిషన్లలో చెడిపోయేది తక్కువ, పట్టేసేదే ఎక్కువ.

బిగిసింది తలా (పైన కుట్టే భాగం), కింద స్టాండా అన్నది ముందు తేల్చుకోవాలి. బెల్టు తీసెయ్యండి. ఇప్పుడు పైచక్రం మీ వైపు తిప్పండి. నిదానంగా, వేళ్ళతో. తిరిగితే తప్పు కింద తొక్కుడు పలకలోనో పెద్ద చక్రంలోనో ఉంది. తిరక్కపోతే తలలోనే ఉంది. చాలామంది ఇది చూడకుండా తలంతా విప్పుకుని కూర్చుంటారు.

తలలోనే అయితే ఇంకో మాట. సగం తిరిగి ఠక్కున ఒకే చోట ఆగితే అది జిడ్డు కాదు, షటిలు (అడుగున తిరుగుతూ పైదారాన్ని కింద దారంతో కలిపే ముక్క) వెనకాల దారం ముక్క ఇరుక్కుంది. మొత్తం చుట్టూ బరువుగా, బంక మీద నడిచినట్టు తిరిగితే అది జిడ్డు. మీరు రాసిందాన్ని బట్టి మీకు రెండూ ఉన్నాయి.

సూది తీసెయ్యండి, పాదం, అంటే గుడ్డని నొక్కి పట్టే ముక్క, ఎత్తి అది కూడా తీసెయ్యండి. గుడ్డ కింద ఉండే పలకకి రెండు స్క్రూలుంటాయి, అవి విప్పండి. స్క్రూడ్రైవరు స్క్రూ గాడికి సరిపడా వెడల్పుండాలి. సన్నది పెట్టి తిప్పితే గాడి చెడిపోతుంది, తర్వాత ఎవరి వల్లా రాదు. విప్పిన స్క్రూలు ఒక పళ్ళెంలో విప్పిన వరసలోనే పెట్టుకోండి. ఒక్కో చోటు స్క్రూకి ఒక్కో మర ఉంటుంది, ఒకదాని చోట ఇంకోటి పెట్టి బిగిస్తే మర పోతుంది. విప్పే ముందు ఫోనుతో ఫోటో తీసుకోండి. మా రోజుల్లో ఆ సౌకర్యం లేదు, గుర్తు పెట్టుకునేవాళ్ళం.

తర్వాత తల వెనక్కి వంచి, బాబిను కేసు (కింద దారం చుట్ట ఉండే డబ్బీ) తీసి, షటిలు మీద ఉండే కవరు తియ్యండి. కొన్నిటికి స్క్రూలు, కొన్నిటికి చిన్న మీట. షటిలు చేతిలోకి వచ్చేస్తుంది. అది తిరిగే గాడిలో సన్నటి చిమటాతో చూడండి. ఇవాళ ఇంతే. నూనె, కిరసనాయిలు ఏదీ వద్దు. ఏం కనిపించిందో రాయండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
శనివారం, సాయంత్రం 5:50

మావయ్య గారూ, మీరు చెప్పినట్టే చేసాను. బెల్టు తీసినా తిరగలేదు, కాబట్టి తలలోనే.

షటిలు గాడిలో నల్ల దారం మూడు చుట్లు చుట్టుకుని ఉంది. తీసాక చక్రం పూర్తిగా ఒక చుట్టు తిరిగింది. బరువుగానే, కానీ తిరిగింది. మా అబ్బాయి చప్పట్లు కొట్టాడు.

పలక కింద మాత్రం నేను ఊహించనిది ఉంది. గుడ్డని ముందుకి లాగే పళ్ళ సందుల్లో నూగు గట్టిగా అదిమి, బూట్ల లోపలి మెత్తలా అయిపోయింది. సూదిమొనతో ఎత్తితే ముద్దగా లేచింది. పక్కనుంచి చూస్తే పొరలు పొరలుగా రంగులు. అడుగున ఎరుపు, దాని మీద ఆకుపచ్చ, మధ్యలో జరీ పొడి మెరుపు, పైన నలుపు. ఎవరెవరి జాకెట్లో. అమ్మ ఆఖర్న కుట్టింది నల్లది అని నాకు గుర్తుంది, మా పెద్దత్త కోసం. ఆ ముద్ద పారెయ్యలేకపోయాను, అగ్గిపెట్టెలో పెట్టి దాచాను.

పట్టుదారం (బరంపురం)
శనివారం, సాయంత్రం 6:20

చెల్లెమ్మా, చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. దాచుకో.

పనిమాట కూడా చెప్తాను. ఆ మెత్త ఉండబట్టే పళ్ళు పైకి లేవలేక గుడ్డ సరిగ్గా ముందుకి కదలదు. కుట్టు పొట్టిగా, ఒకే చోట గుచ్చినట్టు పడుతుంది. మనం కుట్టు పొడవు మరనో పాదం బిగింపునో తప్పుపట్టి అటూ ఇటూ తిప్పుతాం. ఆ రెండిటినీ ముట్టుకోకు. నూగు తీసాక చూడాలి.

ఇంకోటి, నోటితో ఊదకు. ఊదితే నూగు ఇంకా లోపలికి పోతుంది, నోటి తడి ఇనుముకి తగులుతుంది. మెత్తటి పెయింటు బ్రష్షు ఒకటి దీనికోసమే ఉంచుకో. పాత టూత్‌బ్రష్షు జిడ్డు రుద్దడానికి పనికొస్తుంది.

గుణుపురం మెకానిక్
శనివారం, రాత్రి 8:00

సంతోషం తల్లీ. ఇప్పుడు జిడ్డు పని.

రేపు ఎండెక్కాక తలని స్టాండు మీంచి తీసి, గుడ్డ పరిచి, పెరట్లో ఎండలో గంట రెండు గంటలు పెట్టండి. మీరు పోసిన కొబ్బరి నూనె కరుగుతుంది. కరిగింది కరిగినట్టు పాత బనీను గుడ్డతో తుడవండి, కన్నాల్లో గుడ్డ కొసని మెలిపెట్టి దూర్చి తియ్యండి. చల్లబడితే మళ్ళీ పేరుకుంటుంది, కాబట్టి ఎండలోనే తుడవాలి.

అడుగున ఉన్నది పాత జిడ్డు, అది ఎండకి కరగదు, మెత్తబడుతుందంతే. దానికి కిరసనాయిలు. ఎడం చేతి వైపు, సూది కడ్డీ ముందుండే రేకు ఒక స్క్రూతో ఊడుతుంది. వెనక వైపు మెడ మీద గుండ్రటి మూత ఉంటుంది, దాని స్క్రూ వదులు చేస్తే పక్కకి జరుగుతుంది. ఈ రెండూ ఎవరూ తియ్యరు, అసలు జిడ్డు అక్కడే ఉంటుంది. నూనె కన్నాల్లోనూ, లోహం మీద లోహం రాసుకునే ప్రతి చోటా రెండేసి చుక్కలు వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున్న చక్రం ముందుకీ వెనక్కీ ఊపండి. గోధుమరంగు నీళ్ళలా కారుతుంది. తుడిచి మళ్ళీ వెయ్యండి. కారేది తెల్లగా అయ్యేవరకూ ఇదే పని. రెండ్రోజులు పట్టొచ్చు, మూడు పట్టొచ్చు. సుత్తి మాత్రం దగ్గర పెట్టుకోవద్దు. పోత ఇనుము దెబ్బకి పగులుతుంది, అతకడం కష్టం.

పట్టుదారం (బరంపురం)
శనివారం, రాత్రి 8:25

మావయ్య గారి మాటకి అడ్డు చెప్పడం కాదు గాని, కిరసనాయిలు విషయంలో నాకు భయం ఉంది. మా వైపు సముద్రపు గాలి. కిరసనాయిలుతో కడిగి రెండ్రోజులు వదిలేసిన ఒకావిడ మిషనుకి సూది కడ్డీ అంతా తుప్పు పట్టింది. అది ఉన్న కాస్త నూనె పొరని కూడా కడిగేస్తుంది కదా. నేనైతే మిషను నూనెతోనే చేస్తాను. వెయ్యడం, తిప్పడం, తుడవడం, మళ్ళీ వెయ్యడం. ఆలస్యమైనా ఇనుముకి రక్షణ.

గుణుపురం మెకానిక్
శనివారం, రాత్రి 8:50

నువ్వు చెప్పింది నిజమేనమ్మా. కొంచెం జిడ్డయితే నీ పద్ధతే మంచిది. నాలుగేళ్ళు కదలకుండా ఉండి పైన కొబ్బరి నూనె పడ్డదానికి నూనెతోనే అంటే వారాలు పడుతుంది. కిరసనాయిలు వాడినా, తుడిచిన ఆ పూటే మిషను నూనె పడాలి, అది నేను ముందే రాయాల్సింది. పొయ్యి దగ్గరా దీపం దగ్గరా చెయ్యకూడదు. కిటికీలు తెరుచుకోవాలి. తుడిచిన గుడ్డలు ఇంట్లో ముద్దగా పడెయ్యకుండా బయట ఆరవెయ్యాలి.

బంగారు అక్షరాల మీద కిరసనాయిలుతో రుద్దొద్దు. స్పిరిట్టూ థిన్నరూ అయితే అసలు ఆ దరికే రానివ్వద్దు. ఆ అక్షరాల మీద లక్క పూత ఉంటుంది, స్పిరిట్టుకి అది కరిగి అక్షరాలు గుడ్డకి అంటుకొచ్చేస్తాయి. అక్కడ నాలుగు చుక్కల మిషను నూనె మెత్తటి గుడ్డ మీద వేసి ఒత్తకుండా తుడవాలి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
శనివారం, రాత్రి 9:15

అక్షరాల సంగతి చెప్పి రక్షించారు. గోళ్ళరంగు తుడిచేది పెట్టి మెరిపిద్దామనుకున్నాను.

మిషను నూనె అని అడిగితే మా బజార్లో కొట్టువాడికి అర్థం కాలేదు. ఏమని అడగాలి?

కొండగాలి (కోరాపుట్)
శనివారం, రాత్రి 9:22

ఒడియాలో "సిలెయి మెసిన్ తెల" అనండి, ఇచ్చేస్తాడు. చిన్న ప్లాస్టిక్ సీసా, మూతికి పొడవాటి ముక్కు ఉంటుంది. నూనె నీళ్ళలా తెల్లగా ఉండాలి. పసుపుగా, చిక్కగా ఉంటే అది సైకిలుకో మోటారుకో వాడేది.

వంశధార గట్టు (కాశీనగర్)
ఆదివారం, ఉదయం 7:30

నాలుగేళ్ళ బిగింపు ఏపాటిది, నా మిషను కథ వింటే మీకు ధైర్యం వస్తుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి వంశధార పొంగి నీళ్ళు మా ఇంట్లోకి వచ్చాయి. మిషను తలవరకూ మునిగింది. నీళ్ళు తీసాక చూస్తే షటిలు నిండా ఒండ్రు. మా ఆయన చక్రం తిప్పబోతే మా మావగారు చెయ్యి పట్టుకుని ఆపారు. ఆయన రైసుమిల్లులో పనిచేసిన మనిషి. "ఇసకతో తిప్పితే అరిగిపోతుంది, ముందు కడగాలి" అన్నారు. నూతి నీళ్ళు బొట్టుబొట్టుగా పోస్తూ బురదంతా కడిగాం. కడిగిన వెంటనే తుడిచి, ఎండబెట్టి, కిరసనాయిలు, ఆ తర్వాత నూనె. తడి ఒక్క పూట ఉంచినా తుప్పే. మూడో రోజుకి తిరిగింది. స్టాండు చెక్క బల్ల ఉబ్బిపోయి సొరుగులు ఇప్పటికీ సరిగ్గా పడవు, కానీ తల ఈ రోజుకీ కుడుతోంది. ఆ వారమే దాని మీద పిల్లల బట్టలు కుట్టాను, ఒంటి మీదివి తప్ప అన్నీ పోయాయి మరి.

మోటారు ఉన్న మిషను మునిగితే మాత్రం ప్లగ్గు పెట్టొద్దు. మోటారు విప్పి, పని తెలిసిన వాళ్ళు ఆరబెట్టి చూసాకే.

రాయగడ పంతులమ్మ
ఆదివారం, ఉదయం 10:10

ఈ చర్చలోనే నా సందేహం అడగొచ్చా? నాది చిన్న కరెంటు మిషను, జిగ్‌జాగ్ కూడా కుడుతుంది. ముందు వైపు నుంచి బాబిను కేసు పెట్టేది. మూడేళ్ళయింది, ఒక్కసారీ విప్పలేదు. ఈమధ్య టకటకా శబ్దం వస్తోంది. నూనె కన్నాలు ఎక్కడా కనపడవు. మోటారులో నూనె వెయ్యాలా?

గుణుపురం మెకానిక్
ఆదివారం, ఉదయం 11:00

మోటారులో వెయ్యొద్దమ్మా. ఇంట్లో వాడే చిన్న మిషన్ల మోటారుకి మనం పొయ్యాల్సిన నూనె ఏమీ ఉండదు, పోస్తే లోపల కార్బను ముక్కలు జిడ్డెక్కి నిప్పురవ్వలు వస్తాయి.

మీ శబ్దం షటిలు దగ్గరది అయ్యుంటుంది. ముందు ప్లగ్గు పీకెయ్యండి. స్విచ్చి ఆపితే చాలదు, తొక్కుడు మీద కాలు పడితే వేళ్ళు పోతాయి. సూదిని చక్రం తిప్పి పూర్తిగా పైకి తేండి. బాబిను కేసు తీసాక గుండ్రటి కట్టుని పట్టుకుని అటొకటి ఇటొకటి రెండు మీటలు ఉంటాయి, అవి బయటికి తిప్పితే కట్టు ఊడుతుంది. దాని వెనక షటిలు, మధ్యలో పుల్ల. ఆ పుల్ల పట్టుకుని లాగితే వచ్చేస్తుంది. గాడంతా బ్రష్షుతో దులిపి, మెత్తటి గుడ్డతో తుడిచి, మధ్య పుల్లకి ఒక చుక్క, గాడికి ఒక చుక్క నూనె. ఒక్క చుక్కే. తిరిగి పెట్టేటప్పుడు షటిలు నెలవంక ఆకారం, లోపల దాన్ని తోసే ముక్క నెలవంక, రెండూ కలిసి పూర్తి వృత్తం కావాలి. అలా కాకుండా కట్టు బిగించబోతే మీటలు పడవు, బలవంతం చెయ్యకండి.

పై నుంచి బాబిను పడేసే రకాల్లో ప్లాస్టిక్కు గిన్నె ఉంటుంది, దానికి నూనె అక్కర్లేదు, తుడిస్తే చాలు. మీ మిషనుతో వచ్చిన పుస్తకంలో నూనె వేసే చోట్లు బొమ్మ వేసి ఉంటాయి. అందులో లేని చోట వెయ్యకండి.

రాయగడ పంతులమ్మ
ఆదివారం, మధ్యాహ్నం 1:35

తీసాను. నూగుతో పాటు విరిగిన సూది మొన ఒకటి దొరికింది! ఆ సూది ఎప్పుడు విరిగిందో నాకు గుర్తే. ముక్క కిందెక్కడో పడిపోయిందనుకున్నాను. శబ్దం పోయింది. నమస్కారం మావయ్య గారూ.

గుణుపురం మెకానిక్
ఆదివారం, మధ్యాహ్నం 2:00

సూది విరిగితే ముక్కలు రెండూ దొరికేవరకూ కుట్టకూడదు. దుకాణం ఉన్నన్నాళ్ళూ నేర్చుకునే పిల్లలకి నేను చెప్పిన మొదటి మాట అదే.

ప్రాణహిత ఒడ్డు (సిరోంచ)
ఆదివారం, రాత్రి 7:45

నేను గడ్చిరోలి జిల్లా సిరోంచ నుంచి. మాది మహారాష్ట్ర అయినా ఇంట్ల తెలుగే. అక్కడ ఒడియాల అడుగుతరు, ఇక్కడ మేం "శిలాయి మశీన్‌చే తేల్" అని అడుగుతం, సీసా మాత్రం ఒక్కటే.

నేను పాత చీరెలతోని బొంతలు కుడుత. బొంత కుట్టేటోళ్ళకు నూగు బాధ అందరికన్న ఎక్కువ. పాత నూలు చీరె సూది తగిలిన కాడల్లా పొడి రాలుతది. నేను ఒక బొంత అయిపోంగనే పలక విప్పి పళ్ళు దులుపుత, ఇంకో బొంత దాకా ఆగ. రోజుకింత అని లెక్క కాదు, ఏ గుడ్డ కుట్టినం అన్నదాన్ని బట్టి చూసుకోవాలె. పాలిస్టరు చీరెకు ఫాల్ కుడితే ఏం రాలదు, నూలు బొంతకు దోసెడు రాలుతది.

నాలుగైదు పొరలకు 18 నంబరు సూది పెడుత. 14తోని కుడితే సూది వంగి పలకకు తాకుతది, పలక రంధ్రం అంచు గరుకు అయితది. అటెన్క దారం ఊకె తెగుడే. నా పలకకు గట్లనే అయింది. మస్తు సన్నటి ఉప్పుకాగితంతోని రంధ్రం అంచు నున్నగ చేసినంక తెగుడు ఆగింది.

ఎండకాలం మా దగ్గర మిషిన్ ముట్టుకుంటేనే కాలుతది. నెల రోజులు కుట్టకుంట ఉంచితే నూనె ఆరిపోయి బరువెక్కుతది. కుట్టేది లేకున్నా వారంల ఒకసారి ఉత్తగ తిప్పుత.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
మంగళవారం, సాయంత్రం 4:30

మూడు రోజుల పని అయింది. ఎండ, కిరసనాయిలు రెండు విడతలు, ఆ తర్వాత మిషను నూనె. వెనక మెడ మీది మూత పక్కకి జరిపినప్పుడు లోపల కడ్డీ చుట్టూ తేనెలాంటి జిడ్డు కనిపించింది, మావయ్య గారు చెప్పినట్టే. ఇప్పుడు ఒక వేలితో తిప్పితే చక్రం తిరుగుతోంది. ఆ చప్పుడు వినగానే మా నాన్న గదిలోంచి లేచి వచ్చారు. ఏమీ మాట్లాడలేదు, కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చున్నారు.

కానీ కుట్టు పడటం లేదు. పైన బాగానే ఉంది, గుడ్డ తిప్పితే కింద దారం గూడు కట్టీసింది. కింద పాడైంది కాబట్టి బాబిను కేసు స్క్రూ బిగించాను. తగ్గలేదు. మధ్యమధ్యలో కుట్లు కూడా వదిలేస్తోంది.

పట్టుదారం (బరంపురం)
మంగళవారం, సాయంత్రం 4:48

కింద గూడు కడితే తప్పు పైదారానిది, చెల్లెమ్మా. దాదాపు ఎప్పుడూ అంతే. కింద కనిపించే ఆ ఉచ్చులు పైనుంచి వదులుగా దిగిన దారమే. వేరే రంగు దారం కింద వేసి చూడు, నీకే తెలుస్తుంది.

పాదం దించి ఉన్నప్పుడు దారం ఎక్కించావా? పాదం దిగితే టెన్షను బిళ్ళలు (పైదారాన్ని బిగువుగా పట్టే రెండు గుండ్రటి రేకులు) రెండూ మూసుకుంటాయి, దారం వాటి మధ్యకి పోదు, పైపైనే తేలుతుంది. పాదం ఎత్తి దారం ఎక్కించు. ముందు ఆ బిళ్ళల మధ్య ఏమైనా ఉందేమో చూడు. పాదం ఎత్తి, పల్చటి నూలుగుడ్డ అంచుని బిళ్ళల మధ్యలోంచి పైకీ కిందకీ లాగు. అక్కడ నూనె మాత్రం తగలకూడదు.

బిగించిన బాబిను కేసు స్క్రూ మళ్ళీ వెనక్కి తిప్పు. కేసులో బాబిను పెట్టి దారం కొస పట్టుకుని వేలాడదియ్యి. ఊరికే ఉంటే కేసు కదలకూడదు. చెయ్యి చిన్నగా కుదిపితే ఒక అంగుళం జారి ఆగాలి. ఆ స్క్రూని గడియారం ముల్లు ఐదు నిమిషాలు నడిచినంత కంటే ఎక్కువ ఒక్కసారి తిప్పొద్దు.

గుణుపురం మెకానిక్
మంగళవారం, సాయంత్రం 5:10

కుట్లు వదలడం సూది. పాత సూదే పెట్టారు కదూ? పారెయ్యండి. ఎనిమిది, పది గంటలు కుట్టిన సూది కంటికి బాగానే కనిపిస్తుంది, గోటి మీద గీస్తే గరుకు తెలుస్తుంది.

కొత్తది కొనేటప్పుడు ప్యాకెట్టు మీద హెచ్‌ఏ×1 అని చూడండి, ఇంటి మిషన్లది అది. దాని పై కాడ ఒక పక్క చదునుగా ఉంటుంది. ఫ్యాక్టరీ మిషన్ల సూది డీబీ×1, కాడ గుండ్రం, అది దీనికి పట్టదు. ఫాల్సుకి 11 గాని 14 గాని సరిపోతుంది. సూదికి ఒక వైపు పొడవాటి గాడి ఉంటుంది, గోరుతో తడిమితే తెలుస్తుంది. దారం ఆ గాడి వైపు నుంచి కన్నంలోకి పోవాలి. సూదిని పైకి తగిలేదాకా తోసి అప్పుడు స్క్రూ బిగించండి. తిరగేసి పెట్టినా, కాస్త దిగి ఉన్నా, షటిలు కొక్కేనికి దారం అందదు. కుట్టు వదలడమంటే అదే.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
మంగళవారం, రాత్రి 8:40

బిళ్ళల మధ్య గోధుమరంగు దారం ముక్క, గోరంత, ఇరుక్కుని ఉంది! అందుకే అవి మూసుకోలేదు. సూది కూడా తిరగేసే పెట్టాను. రెండూ సరిచేసి, కింద ఎరుపు, పైన తెలుపు దారం పెట్టి పాత దిండుగలీబు మీద కుట్టాను. పైనుంచి చూస్తే ఎరుపు కనపడలేదు, కిందనుంచి తెలుపు కనపడలేదు. ముడి రెండు పొరల మధ్యలోనే పడింది. మా నాన్న వేలితో కుట్టు తడిమి, "మీ అమ్మ ఇలాగే చూసుకునేది" అన్నారు.

పట్టుదారం (బరంపురం)
మంగళవారం, రాత్రి 9:05

ఎంత చల్లటి మాట చెప్పావమ్మా!

ఒక్క జాగ్రత్త. ఇంత నూనె తాగిన మిషను మీద రేపే పట్టు చీర పెట్టకు. మాది పట్టు ఊరు, నూనె మరక పడిన చీరతో ఏడుస్తూ వచ్చినవాళ్ళని చూసాను. నేను నూనె ఎప్పుడూ రాత్రి పని ముగించాకే వేస్తాను. పాదం కింద పాత గుడ్డ మడిచి పెట్టి, పాదం దించి పడుకుంటాను, రాత్రంతా కారింది అది పీలుస్తుంది. పొద్దున్న ఇంకో పాత గుడ్డ మీద దారం లేకుండా మూర పొడుగు, దారంతో మూర పొడుగు కుట్టి, మరక పడకపోతేనే చీర ముట్టుకుంటాను. ఎప్పుడైనా చుక్క పడితే నీళ్ళు తగలనివ్వకు. వెంటనే టాల్కం పౌడరు జల్లి కొన్ని గంటలు ఉంచి దులుపు, చాలావరకు లాగుతుంది.

ఇంకా, ఆ దుప్పటి కప్పడం మంచిదే. ప్లాస్టిక్కు కవరు మాత్రం వెయ్యకు. వానాకాలం తడి లోపలే ఉండిపోయి తుప్పు పడుతుంది. నూలుగుడ్డకి గాలాడుతుంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
గురువారం, సాయంత్రం 6:00

మూడు గుడ్డలు కుట్టి చూసాక, ఇవాళ మా పెద్దత్త చీరకి ఫాలు కుట్టాను. మొదటి చీర ఆవిడదే కావాలనుకున్నాను.

ఒకటే మిగిలింది. జోరుగా తొక్కితే తోలు బెల్టు పైచక్రం మీద జారుతోంది. నూనె చేతులతో ముట్టుకున్నాను, అందుకా? లేక సాగిందా? తమ్ముడు శనివారం పాతపట్నం వెళ్తున్నాడు, కొత్తది తెమ్మనాలా?

గుణుపురం మెకానిక్
గురువారం, సాయంత్రం 6:35

ముందు పొడి గుడ్డతో బెల్టూ, చక్రాల గాళ్ళూ జిడ్డు లేకుండా తుడిచి తొక్కి చూడు తల్లీ. ఇంకా జారితే సాగిందన్నమాట. క్లిప్పు విప్పి ఒక కొస అర అంగుళం కోసి, కొత్త కన్నం పొడిచి మళ్ళీ క్లిప్పు వెయ్యి. మరీ బిగుతుగా పెట్టకు, తొక్కుడు బరువెక్కి మోకాళ్ళు నొప్పెడతాయి. వేలితో నొక్కితే కాస్త లోపలికి పోవాలి. తోలు ఎండి పగుళ్ళు కనిపిస్తే మాత్రం కొత్తదే. తమ్ముడికి కోసిన ముక్క ఇచ్చి పంపు, అదే మందం అడగమను. క్లిప్పులు నాలుగు ఎక్కువే తెమ్మను.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
గురువారం, రాత్రి 9:10

తుడిస్తే చాలలేదు. కోసాను, అర అంగుళమే. ఇప్పుడు జారడం లేదు. ముక్క కవర్లో పెట్టి తమ్ముడి చొక్కా జేబులో వేసాను, శనివారం క్లిప్పులు తెస్తాడు. రేపటికి ఇంకో రెండు చీరలు వచ్చాయి, ఒకటి పక్కింటి పిన్నిది, ఇంకోటి అమ్మ దగ్గర ఎప్పుడూ కుట్టించుకునే ఆవిడది.